పెరటి కంద: నాటిన రోజే తేలే పంట

(వేసవి మొదట్లో శ్రీకాకుళంలో జరిగిన పెరటి తోటల సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప మరేమీ తొలగించలేదు.)

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, తమ్ముళ్లకు నమస్కారం. ఈ రోజు నేను ఒకే ఒక్క దుంప గురించి మాట్లాడతాను. కంద గురించి. చేమ, పెండలం, చిలగడదుంపల సంగతి మరో రోజు చెప్పుకుందాం. అన్నీ కలిపి మాట్లాడితే దేనికీ న్యాయం జరగదు. కార్తిక మాసం వనభోజనాల్లో ఆవ పెట్టిన కంద బచ్చలి కూర లేకపోతే విస్తరి వెలితిగానే ఉంటుంది కదా? మరి ఇక్కడ కూర్చున్నవారిలో ఎందరి పెరట్లో కంద ఉంది? ఒకసారి చేతులు ఎత్తండి. చూశారా, తిన్నవారు సభ నిండా ఉన్నారు, పెంచినవారు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది ఉన్నారు. ఎందుకిలా జరిగిందని అడిగితే, చోటు లేదని కొందరంటారు, వేశాం గాని ఊరలేదని కొందరంటారు, కుళ్లిపోయిందని మరికొందరంటారు. ఈ మూడింటికీ నా జవాబు ఒక్కటే. కంద పంట కోసిన రోజున తేలేది కాదు, నాటిన రోజున తేలేది. విత్తనపు ముక్క ఎలాంటిది, గుంట ఎలాంటిది, నీరు ఎటు పోతుంది, ఈ మూడూ ఆ ఒక్క రోజున సరిగ్గా కుదిరితే తరువాతి ఎనిమిది తొమ్మిది నెలలు మీరు చేయవలసింది చాలా తక్కువ. ఆ రోజున కుదరకపోతే తరువాత ఎంత ఎరువు పోసినా, ఎంత నీరు పెట్టినా సరిదిద్దలేరు.

ముందుగా ఈ మొక్క తీరు తెలుసుకోవాలి, ఎందుకంటే తీరు తెలిస్తే పనులు వాటంతట అవే అర్థమవుతాయి. మనం కంద కాండం అనుకునేది కాండం కాదు. లేత ఆకుపచ్చ మీద తెల్లటి మచ్చలతో, తాకితే గరుగ్గా తగిలే ఆ లావుపాటి కాడ ఒక ఆకుకు తొడిమ మాత్రమే. దాని చివర మూడు పాయలుగా చీలి గొడుగులా విచ్చుకునేదంతా కలిపి ఒకటే ఆకు. అవును, ఒకటే ఆకు. వంగకు పది ఆకులు పురుగు తినేసినా మరో పది వస్తాయి. కందకు ఆ అవకాశం లేదు. సీజను మొత్తంలో ఒక ఆకు, దాని తరువాత ఒక్కోసారి రెండోది, మహా అయితే మూడోది వస్తాయి. దుంపలో చేరే పిండి పదార్థమంతా ఆ ఆకు తయారు చేసి పంపవలసిందే. కాబట్టి ఆ కాడకు గునపం తగిలినా, ఆవు వచ్చి మెడతో రుద్దినా, పిల్లలు ఆడుకుంటూ వంచినా నష్టం కొమ్మ విరిగినంత కాదు, పంట మొత్తం పోయినంత.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. మీరు నాటిన ముక్క పెరిగి పెద్దది కాదు. చాలామంది అలాగే అనుకుంటారు. నాటిన ముక్కలోని ఆహారంతో మొలక లేస్తుంది, ఆకు విచ్చుకుంటుంది, ఆ ఆకు అడుగున, అంటే పాత ముక్కకు పైన, కొత్త దుంప ఏర్పడటం మొదలవుతుంది. కొత్తది ఊరుతున్న కొద్దీ పాతది ముడుచుకుపోతుంది. తవ్వేటప్పుడు దుంప అడుగున నల్లగా, పల్చగా, చర్మంలా అతుక్కుని ఉండే పదార్థం మీలో కొందరు చూసే ఉంటారు. అది మీరు నాటిన విత్తనమే. దీని నుంచి మనకు ఏం తెలుస్తోంది? దుంప పైకి వస్తుంది, కాబట్టి పైన మట్టి ఉండాలి. ముక్క పెద్దదైతే మొదటి ఆకు పెద్దదవుతుంది, ఆకు పెద్దదైతే దుంప పెద్దదవుతుంది. బొప్పాయి గింజ ఎంత చిన్నదైనా చెట్టు చెట్టే. కందలో అలా కుదరదు, విత్తనం ఎంతో పంట అంత. అరకిలో ముక్క వేస్తే రెండు కిలోల దాకా, కిలో ముక్క వేస్తే మూడు నాలుగు కిలోల దాకా ఆశించవచ్చు. పావుకిలో కన్నా చిన్న పిలకలు వేసి మొదటి ఏడే పెద్ద దుంప రాలేదని బాధపడటం సరికాదు. అవి ఆ ఏడు విత్తనానికి పనికివచ్చే దుంపలుగా తయారవుతాయి, కూరకు మరుసటి ఏడు వస్తాయి.

ఇక మన నేలకూ మన వానకూ వద్దాం. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఏటా సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో పెద్ద భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం అక్టోబరు తుఫాన్లతో వస్తుంది. కందకు ఈ లెక్క చక్కగా సరిపోతుంది. ఏప్రిల్ చివరి వారం నుంచి మే నెలాఖరు లోపు, అంటే మన పెద్దలు చెప్పే భరణి, కృత్తిక కార్తెల జల్లులకు నాటితే, మొలక నేల మీదకు రావడానికి నెల నుంచి నెలన్నర పడుతుంది. అది తల ఎత్తే సరికి నైరుతి వానలు అందుకుంటాయి. నాటిన రోజు నుంచి ఎనిమిది తొమ్మిది నెలలు లెక్క వేసుకోండి. సంక్రాంతి! మన పండుగకు మన పెరటి కంద చేతికి రావడం యాదృచ్ఛికం కాదు, ఈ నేలకు తగ్గ లెక్క అది.

నేల విషయంలో ఉద్దానం వారు అదృష్టవంతులు. కవిటి, కంచిలి, సోంపేట వైపు నీరు ఇట్టే ఇంకిపోయే నేలలు, కొబ్బరి చెట్ల మధ్య చల్లని పలుచటి నీడ, ఇంతకన్నా కందకు ఏం కావాలి? ఎర్ర గరువు నేలలు కూడా మంచివే, గత్తం, అంటే పశువుల ఎరువు, కలిపితే చాలు. చిక్కు వచ్చేది నాగావళి, వంశధార పల్లాల్లో ఉండే బరువైన నేలల్లో, ఇంకా ముఖ్యంగా పట్టణాల్లో ఇల్లు కట్టాక మిగిలిన పెరళ్లలో. అక్కడ చూరు నీళ్లు ఎక్కడ పడతాయో, స్నానాల గది నీళ్లు ఎటు పారతాయో చూసి మరీ కంద చోటు ఎంచుకోవాలి. వంటింటి నీళ్లు పోయే చోట అరటి వేసుకోండి, బాగా వస్తుంది. కంద వేయవద్దు. కంద తడిని కోరుకుంటుంది గాని నిలిచిన నీటిని ఓర్చుకోదు. పెద్ద వాన వెలిశాక గంట తరువాత కూడా నీరు నిలిచి కనబడే చోటు కందకు పనికిరాదు. ఆ చోటు తప్ప మరేదీ లేదంటే అడుగు ఎత్తు మట్టి బోదె కట్టి, ఆ బోదె మీద నాటండి.

ఇప్పుడు విత్తనం. వెనుక వరుసల్లో ఉన్నవారికి వినబడుతోందా? ఇది కాస్త శ్రద్ధగా వినండి. దుంప నడినెత్తిన పల్లంగా ఒక గుండ్రటి భాగం ఉంటుంది, అందులో గులాబీ రంగు మొన ఉంటుంది. అది కన్ను. చుట్టూ ఉన్న బొడిపెలు వేరు, ఇది వేరు. దుంపను ముక్కలు చేసేటప్పుడు అడ్డంగా కోయకూడదు. కేకు కోసినట్టు నడినెత్తి నుంచి కిందకు నిలువుగా కోయాలి, ప్రతి ముక్క మొనలోనూ ఆ కన్ను భాగం కొంతైనా ఉండాలి. కన్ను లేని ముక్కను నేలలో పెడితే మొలవక కుళ్లిపోవడమో, ఎప్పటికో ఒక బలహీనమైన మొలక రావడమో జరుగుతుంది. వేశాం గాని రాలేదన్న మాటలో సగం ఫిర్యాదులు ఇక్కడి నుంచే పుడతాయి. సంతలో కూరకు కోసి అమ్మే ముక్కలు తెచ్చి నాటేవారు ఉన్నారు. దయచేసి అలా చేయవద్దు, అందులో కన్ను ఉంటుందన్న భరోసా లేదు. అరకిలో నుంచి కిలో బరువున్న చిన్న దుంప దొరికితే అసలు కోయకుండా అలాగే నాటండి. కోసిన ముక్క కన్నా నిండు దుంప ముందు మొలుస్తుంది, కోత గాయం లేదు కాబట్టి కుళ్లు కూడా తక్కువ.

కోయవలసి వస్తే పొడి కత్తితో కోయండి. పేడను నీటిలో చిక్కగా కలిపి, కిలో విత్తనానికి 5 గ్రాముల చొప్పున ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రపు పొడి అందులో వేసి, ముక్కల కోసిన వైపు బాగా పట్టేలా ముంచి, నీడలో ఆరబెట్టండి. ఎండలో కాదు, నీడలో. కోత మీద పైపొర గట్టిపడాలి, వేలితో తాకితే తడి అంటకూడదు. అప్పుడు నాటాలి. ఈ ఆరబెట్టే పని విసుగనిపించి వదిలేసేవారు ఎక్కువ. ఆ తడి గాయంలోంచే నేలలోని శిలీంధ్రం లోపలికి పోతుంది.

రకం గురించి ఒక మాట. గోదావరి జిల్లా కొవ్వూరు ప్రాంతపు కందల్లోంచి ఎంచి తీసిన గజేంద్ర అనే రకం ఈ రోజు దేశంలో చాలా రాష్ట్రాల రైతులు వేస్తున్నారు. మన తెలుగు నేల మీద ఎంపికైన రకం అంత దూరం వెళ్లిందంటే నాకు చాలా సంతోషం. దురద దాదాపు ఉండదు, దుంప నునుపుగా, ఒక్కటిగా ఊరుతుంది, చుట్టూ పిలకలు పెద్దగా రావు. తిరువనంతపురంలో 1963లో మొదలైన కేంద్రీయ దుంప పంటల పరిశోధన సంస్థ శ్రీ పద్మ వంటి రకాలను ఇచ్చింది. మన ఊళ్లలో తరతరాలుగా ఉన్న నాటు కందలు కొన్ని దురదగా ఉంటాయి, పిలకలు ఎక్కువ పెడతాయి. కొత్తగా మొదలుపెట్టేవారు గజేంద్రతో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. అమ్మమ్మల నాటి విత్తనం ఇంట్లో ఉన్నవారు మాత్రం దాన్ని పోగొట్టుకోవద్దు, ఒక్క గుంటైనా దానికి కేటాయించండి.

గుంట దగ్గరకు వచ్చాం. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. ఒక గుంట నడిమి నుంచి మరో గుంట నడిమికి మూడడుగుల దూరం. మీ పెరట్లో ఆరు గజాల చోటుంటే నాలుగైదు గుంటలు వస్తాయి, అంటే ఒక కుటుంబానికి చాలినంత. చోటు లేదన్న మాట అందుకే నేను ఒప్పుకోను. అంత పెద్ద గుంట ఎందుకు, ముక్క పట్టేంత తవ్వితే చాలదా అని అడుగుతారు. చాలదు. దుంప పక్కలకు ఊరుతుంది, దాని వేళ్లు పైపొరలోనే చుట్టూ పరుచుకుంటాయి. గట్టి నేలలో అది ఊరలేక వంకరలు తిరుగుతుంది. గుంట తీసేటప్పుడు పైమట్టిని ఒక పక్క, అడుగు మట్టిని మరో పక్క వేయండి. వారం పది రోజులు గుంటను ఎండనివ్వండి. తరువాత పైమట్టిలో రెండు రెండున్నర కిలోల బాగా చివికిన గత్తం కలిపి, ముప్పావు వంతు నింపి, కన్ను పైకి ఉండేలా ముక్కను పెట్టి, మిగిలిన మట్టి కప్పండి. పచ్చి పేడ మాత్రం గుంటలో వేయకూడదు. దాని వేడికి ముక్క చెడుతుంది, వేరుపురుగు చేరుతుంది.

కప్పిన వెంటనే పైన మందంగా ఎండాకు గాని, వరిగడ్డి గాని, కొబ్బరాకులు గాని పరవండి. రోహిణి కార్తె ఎండలు మీకు నేను చెప్పాలా? ఆ ఎండకు నేల కాలిపోతుంటే లోపలి ముక్క ఎండకుండా కాపాడేది ఆ కప్పే. కలుపును అణిచేది కూడా అదే. మొలక రావడానికి నెలన్నర పడుతుంది కాబట్టి ఆ లోపు గుంటల మధ్య చోటును ఖాళీగా ఉంచనవసరం లేదు, బొబ్బర్లో, పెసరో, తోటకూరో చల్లుకోండి. కంద ఆకు బాగా పరుచుకునే వేళకు అవి చేతికి వచ్చి తప్పుకుంటాయి. ఇక్కడ ఒక్క హెచ్చరిక. పది రోజులకొకసారి తవ్వి మొలిచిందా లేదా అని చూడకండి. నవ్వుతున్నారు గాని, చూసేవారు ఉన్నారు. ఆ మొలక చాలా పెళుసు, తగిలితే విరుగుతుంది.

మొలక వచ్చాక పనులు కొద్ది. నాటిన నెలన్నరకు ఒకసారి, రెండున్నర మూడు నెలలకు మరోసారి కలుపు తీసి మట్టి ఎగదోయాలి. కాడ మొదట్లో కలుపును బొరిగెతో కాదు, చేత్తో తీయండి. పక్కల నుంచి మట్టిని తెచ్చి కాడ మొదలు చుట్టూ ఎత్తుగా పోయండి, కొత్త దుంప పాతదాని పైన ఊరుతుందని చెప్పాను కదా, దానికి ఈ మట్టే ఇల్లు. దుంప జాతులన్నింటికీ పొటాష్ ఎక్కువ కావాలి. కట్టెల పొయ్యి ఉన్నవారు రెండోసారి మట్టి ఎగదోసేటప్పుడు గుంటకు రెండు మూడు గుప్పిళ్ల బూడిద వేస్తే కొంత పొటాష్ అందుతుంది. బూడిదనూ యూరియానూ కలిపి వేయవద్దు, నత్రజని గాలిలో కలిసిపోతుంది.

తెగుళ్లలో ఒక్కదాని గురించి వివరంగా చెబుతాను, ఎందుకంటే మన వానలకు ఎక్కువ నష్టం చేసేది అదే. మొదలు కుళ్లు. పచ్చగా నిలబడిన ఆకు ఒక ఉదయం పసుపు తిరిగి, కాడ మొదట్లో మెత్తబడి, ఒరిగిపోయి కనిపిస్తుంది. దగ్గరకు వెళ్లి వంగి చూడండి. నేలకు ఆనిన చోట తెల్లటి దారాలు అల్లుకుని, వాటి మధ్య ఆవగింజంత గోధుమ రంగు గింజలు కనబడతాయి. అది స్క్లెరోషియం అనే శిలీంధ్రం. ఆ గింజలే దాని విత్తనం, ఏళ్ల తరబడి నేలలో బతుకుతాయి. నీరు నిలిచినా, కాడకు గాయమైనా అది అంటుకుంటుంది. అలాంటి మొక్కను చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి పెరడు బయట పడేయాలి, ఎరువు కుప్పలో వేయకూడదు, ఆ గుంటలో మరుసటి ఏడు కంద వేయకూడదు. ఆకుల మీద ఆకుపచ్చా పసుపూ కలగలిసి మచ్చలుగా, ఆకు ముడతలుగా కనిపిస్తే అది వైరస్. దాన్ని నయం చేసే మందు లేదు. ఆ మొక్క దుంపను కూరకు వాడుకోవచ్చు గాని విత్తనానికి ఉంచితే మరుసటి ఏడు పెరడంతా అదే వస్తుంది.

అక్టోబరు సంగతి మరచిపోకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, రెండూ పెద్ద తుఫాన్లే. ఉద్దానం కొబ్బరి తోటలు తిత్లీకి ఎలా నేలకొరిగాయో మనందరి కళ్ల ముందే ఉంది. ఆ నెలకు కంద దుంప చాలావరకు ఊరి ఉంటుంది. గాలికి ఆకు పడిపోయినా నేల లోపలి దుంప అక్కడే ఉంటుంది. అలా ఆకు పడిపోయిన మొక్కల దగ్గర ముందు నీటిని బయటకు తీయండి, ఆ తరువాత దుంపను ఎక్కువ కాలం ఉంచకుండా తవ్వి వాడుకోండి. చిన్నదే కావచ్చు, కూరకు పనికివస్తుంది. ఆకు నిలిచిన మొక్కలను మాత్రం కదపకండి.

ఆకు దానంతట అది పసుపు తిరిగి వాలిపోయిందంటే దుంప సిద్ధమైంది. ఆ తరువాత నీరు పెట్టడం మానేయండి. తవ్వేటప్పుడు గునపాన్ని మొదట్లో దించకుండా అడుగున్నర దూరం నుంచి చుట్టూ మట్టి వదులు చేస్తూ రండి. గాటు పడిన దుంపను ముందు వండుకోండి, అది నిలవ ఉండదు. మంచివాటిని మట్టి దులిపి, కడగకుండా, గాలి ఆడే చీకటి గదిలో ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి ఉంచండి. అప్పుడప్పుడు తిప్పి చూస్తూ ఉండండి, తెల్లటి పిండినల్లి కనబడితే తుడిచేయండి. తవ్విన దుంప రెండు మూడు నెలలు నిద్రలో ఉంటుంది, ఏప్రిల్ వచ్చేసరికి కన్ను ఉబ్బుతుంది.

కొన్ని పెద్ద దుంపలకు వేసవి చివర ఆకుకు బదులు పువ్వు వస్తుంది. ముదురు ఎరుపు రంగులో పెద్దదిగా, కుళ్లిన మాంసం వాసనతో ఉంటుంది. ఆ వాసనతోనే అది పురుగులను పిలిచి పరాగ సంపర్కం జరుపుకుంటుంది. దాన్ని చూసి అరిష్టమని దుంపను తవ్వి పారేసినవారు నాకు తెలుసు. అయ్యో, అలా చేయకండి! అందులో కీడు ఏమీ లేదు. మొగ్గగా ఉన్నప్పుడే కోసేస్తే దుంపలోని బలం మిగులుతుంది, తరువాత ఆకు వస్తుంది.

దురద గురించి అడగబోతున్నారని తెలుసు. కందలో కాల్షియం ఆక్సలేటు సూదుల్లా ఉంటుంది, అవి చర్మంలో, నాలుకలో గుచ్చుకోవడమే దురద. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత ఉంది గాని, చేతులకు మాత్రం ఉంటుంది. చెక్కు తీసే ముందు చేతులకు నూనె రాసుకోండి, దుంపను తడపకండి, పొడిగా ఉన్నప్పుడే చెక్కండి. చింతపండు పులుపులో మెత్తగా ఉడికించండి. సగం ఉడికిన కంద ఏ రకమైనా గొంతు పట్టుకుంటుంది. ఇంకొక్క మాట, ఇది మన జిల్లాలో తప్పక చెప్పవలసినది. కందలో పొటాషియం ఎక్కువ, ఆక్సలేటు ఎక్కువ. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో బాధపడుతున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కిడ్నీ జబ్బు ఉన్నవారు, మూత్రంలో రాళ్లు వచ్చినవారు డాక్టరు గారిని అడగకుండా కంద తినవద్దు. పెరట్లో పండిందన్న మమకారంతో వారికి వడ్డించవద్దు.

మేడ మీద పెంచవచ్చా అని ఇందాక ఒక చెల్లెమ్మ చీటీ పంపారు. పెంచవచ్చమ్మా. నలభై యాభై లీటర్లు పట్టే పాత డ్రమ్ము గాని పెద్ద సంచి గాని తీసుకుని అడుగున నాలుగు వైపులా రంధ్రాలు చేయండి. సగం మట్టి, సగం చివికిన ఎరువు. ముందు సగానికి పైగా నింపి పావుకిలో నుంచి అరకిలో నిండు దుంప ఒక్కటే నాటండి, ఆకు వచ్చాక మిగిలిన మట్టి పోస్తూ రండి. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడని పక్కన ఉంచండి, గాలికి ఒరగకుండా పిట్టగోడకు ఆనించండి. కొండవార ఊళ్ల నుంచి వచ్చినవారు అడవిపందుల గురించి అడిగారు. పెరటికి గట్టి కంచె తప్ప వేరే మార్గం నాకు తెలిసినంతలో లేదు, కంద వాసన పడితే అవి వదలవు. పట్టణాల్లో పందికొక్కుల బాధ ఉన్నవారు ఆకు పడిపోయిన దుంపలను నేలలో ఉంచకుండా వెంటనే తవ్వుకోండి.

విత్తనం కోసం ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలోనూ, మీ మండల ఉద్యాన అధికారి దగ్గరా ముందుగా విచారించండి. అక్కడ లేకపోతే సంతకు ఉదయాన్నే వెళ్లి, కోయని నిండు దుంపలు అమ్మేవారి దగ్గర కన్ను ఉబ్బినవి, అడుగున మెత్తబడనివి, అరకిలో నుంచి కిలో లోపువి ఎంచుకోండి. దుంప తెచ్చిన తరువాత గుంట తవ్వడం కాదు, గుంట ఎండిన తరువాత దుంప తెచ్చుకోండి. జల్లులు పడటానికి ఇంకా రెండు మూడు వారాలు ఉన్నాయి, ఆ పనికి ఈ వ్యవధి సరిపోతుంది.